సిస్టమ్స్ ఇంజినీరింగ్ ట్రైనింగ్‌కు వెళ్తున్నారా? నల్గొండ, పాలమూరు వైపు నుంచి వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

మా నల్గొండ పిల్లలు, పాలమూరు నుంచి ఫోన్ చేసే జూనియర్లు ఒకటే అడుగుతుంటారు. సిస్టమ్స్ ఇంజినీరింగ్ ట్రైనింగ్‌కు కంపెనీ పంపిస్తానంటోంది, ఏ కోర్సు తీసుకోవాలి, ఎక్కడ ఉండాలి, ఏం చదువుకొని పోవాలి అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట హైదరాబాద్‌లో 5 రోజుల కోర్సు చేశాను, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఇంకొకటి. రెండింటికీ వెళ్లొచ్చాక గట్టిగా చెప్పగలిగింది ఏమిటంటే, మన సొంత సమస్య ఒకటి చేతిలో పట్టుకొని వెళ్తేనే ఇది వంటబడుతుంది. ఉత్త చేతులతో వెళ్తే స్లయిడ్లు మిగులుతాయి, వాటిని మళ్లీ ఎవరూ తెరవరు.

ముందు అది ఏ కోర్సో తేల్చుకోండి

హైదరాబాద్‌లో "సిస్టమ్ ఇంజినీర్" అన్న మాట రకరకాలుగా నడుస్తోంది. పెద్ద ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే హోదా పేరు అదే. అమీర్‌పేటలో బోర్డు మీద కనిపిస్తే చాలాసార్లు సర్వర్లు, నెట్‌వర్కులు చూసుకునే అడ్మిన్ పని అని అర్థం. అవి మంచి కోర్సులే, కానీ నేను చెప్పేది వాటి గురించి కాదు. క్షిపణి, మెట్రో రైలు, వైద్య పరికరం, తాగునీటి పథకం లాంటి వాటిని మెకానికల్, ఎలక్ట్రికల్, సాఫ్ట్‌వేర్, సివిల్ వాళ్లందరూ కలిసి చేస్తారు కదా, అలాంటిదాన్ని అవసరం పుట్టిన రోజు నుంచి పాతబడి తీసేసే రోజు దాకా మొత్తంగా చూసుకునే పని ఇది.

అందుకని డబ్బు కట్టేముందు సిలబస్ తెప్పించుకొని చూడండి. రిక్వైర్‌మెంట్స్, ఆర్కిటెక్చర్, ఇంటర్‌ఫేస్, వెరిఫికేషన్, వాలిడేషన్, రిస్క్, లైఫ్ సైకిల్, ఈ మాటలు అందులో ఉండాలి. ఐఎస్ఓ 15288 ప్రమాణం పేరు ఉంటే ఇంకా మంచిది. ఈ రంగానికి అదే మూలం, మొదట 2002లో వచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 2023 ఎడిషన్. కోర్సు మెటీరియల్ ఏ ఎడిషన్ ప్రకారం తయారైందో ఫోన్ చేసి అడగండి. సూటిగా జవాబు చెప్పలేకపోయారంటే ఆ కోర్సు గురించి మళ్లీ ఆలోచించండి.

ఇంకో సంగతి. కోర్సు చివర ఇచ్చే కాగితం వేరు, సర్టిఫికేషన్ వేరు. 5 రోజులు కూర్చున్నందుకు ఇచ్చేది హాజరు పత్రం మాత్రమే. సర్టిఫికేషన్ ఇచ్చేది ఇన్‌కోసీ అనే అంతర్జాతీయ సంస్థ, 1990లో మొదలైంది, దానికి ఇండియా చాప్టర్ కూడా ఉంది. మొదటి మెట్టు ఏసెప్, దానికి అనుభవం అక్కర్లేదు, పరీక్ష పాసైతే చాలు. రెండో మెట్టు సీసెప్, దానికి పరీక్షతో పాటు కనీసం 5 ఏళ్ల సిస్టమ్స్ ఇంజినీరింగ్ అనుభవం, దాన్ని ధ్రువీకరించే మనుషులు కావాలి. చదువైపోయి రెండేళ్లు కూడా కానివాళ్లకు "సీసెప్ వచ్చేస్తుంది" అని చెప్పి ఎవరైనా అమ్మబోతే నమ్మొద్దు.

పరీక్ష రాయాలని గట్టిగా ఉంటే పరీక్షకు తయారుచేసే కోర్సు తీసుకోండి. పని నేర్చుకోవాలంటే గ్రూపు ఎక్సర్‌సైజులు ఎక్కువున్న కోర్సు తీసుకోండి. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ మీదే నడిచే కోర్సులు కూడా ఉంటాయి, అవి మొదటిసారికి వద్దంటాను. ఏం గీయాలో తెలియకుండా గీసే సాధనం నేర్చుకుంటే బొమ్మలు వస్తాయి గానీ ఆలోచన రాదు.

సొంత డబ్బుతో వెళ్లేవాళ్లు, ఇంకా చదువుకుంటున్నవాళ్లు తొందరపడకండి. నాసా తన సిస్టమ్స్ ఇంజినీరింగ్ హ్యాండ్‌బుక్‌ను ఉచితంగా పెట్టింది, సెబాక్ అనే విజ్ఞాన సంపుటం కూడా ఆన్‌లైన్‌లో ఉచితమే. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో ఈ సబ్జెక్టుకు దగ్గరి కోర్సు ఏదైనా నడుస్తుంటే పాఠాలు ఊరికే వినొచ్చు. నెల రోజులు వీటితో కూర్చొని, నచ్చితే అప్పుడు డబ్బు కట్టండి.

డబ్బు, పర్మిషన్

బ్రోషర్‌లో ఫీజు పక్కన "ప్లస్ జీఎస్టీ" అని చిన్న అక్షరాలతో ఉంటుంది. 18 శాతం. 40,000 అని రాసుంటే కట్టాల్సింది 47,200. ఇంట్లో లెక్క చెప్పేటప్పుడు, ఆఫీసులో అడిగేటప్పుడు ఈ రెండో అంకె చెప్పండి. కంపెనీ కడుతుంటే ఇన్‌వాయిస్ కంపెనీ పేరు మీద, కంపెనీ జీఎస్టీ నంబరుతో రావాలని రిజిస్ట్రేషన్ రోజే చెప్పాలి, తర్వాత మార్పించడం చాలా కష్టం.

పర్మిషన్ మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. నాకు మొదటిసారి మా పైఅధికారి "పోయి రా, నేను చూసుకుంటా" అన్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన వేరే విభాగానికి మారిపోయాడు, నాకు 5 రోజులు సెలవు కింద కోశారు. ఒక మెయిల్ ఉండి ఉంటే ఆ బాధ ఉండేది కాదు. అందులో మూడు విషయాలు ఉండాలి: ఆ రోజులు ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే పనిలో ఉన్నట్టే లెక్క) అని, ఫీజు ఎవరు కడతారని, ప్రయాణానికి, బసకు ఎంతవరకు ఇస్తారని. కొన్ని కంపెనీలు ట్రైనింగ్ ఇప్పించి బాండ్ రాయించుకుంటాయి, సంతకం పెట్టేముందు ఎన్ని నెలలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవండి.

ప్రయాణం, బస

నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల వరకు ఉంటుంది కాబట్టి రోజూ పోయి రావచ్చు కదా అనిపిస్తుంది. నేను మొదటి రోజు అదే చేశాను, నల్గొండలో పొద్దున్నే బస్సెక్కాను, చౌటుప్పల్ దగ్గర్లోని పంతంగి టోల్ ముందు ఆగిపోయాం, క్లాసుకు చేరేసరికి మొదటి సెషన్ సగం అయిపోయింది. గ్రూపులు అప్పటికే కట్టేశారు, నన్ను మిగిలిన దాంట్లో వేశారు. 5 రోజుల కోర్సులో మొదటి గంటలోనే పరిచయాలు, గ్రూపులు, ఎక్సర్‌సైజు ఎంపిక అన్నీ జరుగుతాయి. ముందు రోజు సాయంత్రానికే ఊళ్లో ఉండండి. సంక్రాంతి ముందూ వెనకా వారంలో ఉన్న కోర్సయితే విజయవాడ హైవే మీద ప్రయాణం అసలే పెట్టుకోవద్దు, తేదీ మార్చుకోగలిగితే మార్చుకోండి.

నల్గొండ, సూర్యాపేట వైపు వాళ్లు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు క్లాసయితే అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా వెళ్లాలి, అక్కడి నుంచి ఆటో. బస్సు దిగిన దగ్గర్నుంచి గంటన్నర పడుతుందని లెక్క వేసుకోండి. పాలమూరు, వనపర్తి, జడ్చర్ల వైపు వాళ్లకు ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోవాల్సిన పని లేదు, ఆరాంఘర్ దగ్గర దిగి మెహిదీపట్నం మీదుగా గచ్చిబౌలి వెళ్లిపోవచ్చు. గద్వాల, మహబూబ్‌నగర్ వాళ్లకు కాచిగూడ రైలు ఉండనే ఉంది. దేవరకొండ వాళ్లకైతే, క్లాసు ఆదిభట్ల వైపు కంపెనీలో పెడితే సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాకా వస్తే చాలు, ఊళ్లోకి పోనక్కర్లేదు.

బస గురించి: గచ్చిబౌలిలో ఇంజినీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా 1981 నుంచి ఉద్యోగంలో ఉన్న ఇంజినీర్లకు శిక్షణలు నడుపుతోంది. అలాంటి సంస్థల్లో కోర్సయితే బస కూడా కలిసి ఉందా అని ముందే అడగండి. ఉంటే రెండో ఆలోచన లేకుండా అక్కడే ఉండండి, సాయంత్రం మెస్సులో పక్క కంపెనీ వాళ్లతో మాట్లాడేది కూడా కోర్సులో భాగమే. కోర్సు హోటల్లో పెడితే దగ్గర్లోని హాస్టళ్లలో రోజు లెక్కన గది దొరుకుతుంది. చుట్టాలింట్లో ఉండొచ్చు గానీ ఉప్పల్‌లో అత్తయ్య ఇంటి నుంచి గచ్చిబౌలి రోజూ తిరిగితే రాత్రి చదువుకునే ఓపిక ఉండదు.

ఒక పేజీ రాసుకొని వెళ్లండి

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే, దీనికి కనీసం ఒక సాయంత్రం కేటాయించండి. మీకు బాగా తెలిసిన ఒక వ్యవస్థను తీసుకొని తెల్లకాగితం మీద ఒక పేజీ రాయండి. ఎవరికి ఏం కావాలి, ఏయే భాగాలున్నాయి, ఏది దేనితో కలుస్తుంది, ఎక్కడ చెడిపోతుంది. ఆఫీసు పనే అయితే లోపలి వివరాలు, కస్టమర్ పేర్లు, డ్రాయింగులు రాయొద్దు. ముఖ్యంగా రక్షణ రంగంలో పనిచేసేవాళ్లు ఆఫీసు కాగితం ఒక్కటి కూడా బయటికి తేవద్దు. మీ ఊళ్లోది తీసుకోండి, అది ఇంకా బాగా పనికొస్తుంది.

నేను తీసుకున్నది మా పొలం దగ్గర బోరు మోటారుకు పెట్టిన ఆటో స్టార్టర్, కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే పెట్టె. ఎందుకు పెట్టావని ఫోన్లో నాయనను అడిగితే, "రాత్రి రెండు గంటలకు కరెంటొస్తే పొలం కాడికి ఎవరు పోతరు బిడ్డా, పాములు తిరుగుతయి, అందుకే పెట్టిన" అన్నాడు. ఆ ఒక్క మాటే నా పేజీలో మొదటి వాక్యం. క్లాసులో ట్రైనర్ స్టేక్‌హోల్డర్ నీడ్ (దాన్ని వాడే, దానితో సంబంధం ఉన్న మనుషుల అసలు అవసరం) అంటే ఏమిటో గంటసేపు చెప్పారు, నాకు మాత్రం మొదటి ఐదు నిమిషాల్లోనే అర్థమైంది, ఎందుకంటే మా నాయన అడిగింది స్టార్టర్‌ను కాదు, రాత్రిపూట చీకట్లో పొలానికి పోకుండా పంటకు నీళ్లు పారడాన్ని.

ఆ తర్వాత రిక్వైర్‌మెంట్, అంటే ఆ వస్తువు ఏం చేయాలో చెప్పే వాక్యం, రాయమన్నారు. నేను రాసింది: "కరెంటు రాగానే మోటారు స్టార్ట్ కావాలి." ట్రైనర్ ఆ వాక్యాన్ని బోర్డు మీద పెట్టి అడుగుతూ పోయారు. రాగానే అంటే ఎంతసేపటికి? రెండు ఫేజులే వస్తే? లో వోల్టేజీ ఉంటే? ఒక ఫేజు పోయి మోటారు నడిస్తే వైండింగ్ కాలిపోతుందని మా ఊళ్లో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు, అయినా నేను రాయలేదు. అరగంట తర్వాత ఆ వాక్యం ఇలా అయింది: "మూడు ఫేజులూ నిర్ణయించిన వోల్టేజీ హద్దుల్లో 30 సెకండ్ల పాటు నిలకడగా ఉన్నాకే స్టార్టర్ మోటారును స్టార్ట్ చేయాలి." ఇప్పుడు దాన్ని పరీక్షించొచ్చు, చేతిలో గడియారం, మీటరు ఉంటే చాలు. మంచి రిక్వైర్‌మెంట్‌కు గుర్తు అదే, ఎలా పరీక్షిస్తామో వాక్యంలోనే కనిపిస్తుంది.

వెరిఫికేషన్‌కు, వాలిడేషన్‌కు తేడా చాలామందికి పరీక్ష దాకా తికమకే. ఈ స్టార్టర్‌తోనే చూడండి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, ఆ రోజుల్లోనే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు ప్రభుత్వం చెప్పింది. ఎందుకని? అంతకుముందు విడతలవారీగా వచ్చే కరెంటు ఆగినప్పుడు మోటారు కూడా ఆగేది, బోరుకు ఊట ఎక్కేది. కరెంటు పోకపోతే స్టార్టర్ మోటారును ఆపదు, రాత్రంతా నీళ్లు పోతూనే ఉంటాయి, బోరు అడుగంటుతుంది. స్టార్టర్‌లో లోపం ఏమీ లేదు, చెప్పినట్టే పనిచేస్తోంది, అంటే వెరిఫికేషన్ పాస్. కానీ రైతు అవసరం ఇప్పుడు దానితో తీరడం లేదు, వాలిడేషన్ ఫెయిల్. వస్తువు మారలేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారింది.

నీటి సరఫరా శాఖలో ఉన్నవాళ్లకు ఇంకో మంచి ఉదాహరణ మన జిల్లా పేరు మీదే ఉంది, నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే ఈ పద్ధతిని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. రసాయనం లెక్క సరైనదే. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో బట్టి పటిక మోతాదు మార్చాలి, రోజూ ఎవరో ఒకరు కలపాలి, అడుగున పేరుకున్న బురదను ఎక్కడో పారబోయాలి. ఈ పనులు ఎవరివో తేల్చకుండా డిజైన్ పూర్తయిందనుకోవడం ఎలాంటిదో, లైఫ్ సైకిల్ చాప్టర్ చదివేటప్పుడు దీన్ని ముందు పెట్టుకొని చదవండి.

బ్యాగులో

కంపెనీ ల్యాప్‌టాప్ అయితే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉందో లేదో వారం ముందే చూసుకోండి. కొన్ని కోర్సుల్లో కాపెల్లా అనే ఉచిత మోడలింగ్ సాఫ్ట్‌వేర్ వాడతారు, క్లాసులో కూర్చొని "అడ్మిన్ పాస్‌వర్డ్" అడిగితే రోజంతా పక్కవాళ్ల స్క్రీన్ చూస్తూ గడపాలి. ఛార్జర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, గళ్ల పుస్తకం, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు పెట్టుకోండి. ఏసీ హాల్లో రోజంతా కూర్చోవాలి, మే నెలైనా సరే పలుచటి స్వెటర్ ఒకటి ఉంచుకోండి.

క్లాసులో

మన వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కు వచ్చినవాళ్లే, నేనూ అంతే. పక్కన బెంగళూరు, పుణె వాళ్లు గడగడా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నోరు విప్పాలంటే టెన్షన్ ఉంటుంది. పరిచయానికి మూడు వాక్యాలు ముందే రాసుకోండి: పేరు, చేసే పని, ఈ కోర్సులో నాకు తేలాల్సిన ప్రశ్న ఇది అని. మొదటి రోజు మధ్యాహ్నం లోపు ఒక్క ప్రశ్న అడగండి. ఒకసారి గొంతు బయటికి వచ్చిందంటే మిగతా నాలుగు రోజులు దానంతటదే నడుస్తుంది. ట్రైనర్ వేగంగా చెబితే "సార్, ఒక ఉదాహరణతో చెప్తారా" అనండి, ఆ ప్రశ్న గదిలో సగం మంది మనసులో ఉంటుంది.

గ్రూపు పనిలో చార్టు మీద రాసే పని, ల్యాప్‌టాప్‌లో టైప్ చేసే పని నెమ్మదిగా ఉండేవాళ్ల మీద పడుతుంది. ఒక పూట చేయండి, రెండో పూట ఇంటర్‌ఫేస్‌లు, అంటే ఒక భాగం ఇంకో భాగంతో కలిసే చోట్లు, చూసుకునే పని నాకివ్వండని అడగండి. పెద్ద ప్రాజెక్టుల్లో దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే. 1999లో నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా అలాగే, ఒక జట్టు లెక్కలు పౌండ్లలో ఇచ్చింది, రెండో జట్టు వాటిని న్యూటన్లు అనుకుంది.

ఇంటర్‌ఫేస్‌లు పట్టుకోవడానికి ఎన్-స్క్వేర్డ్ చార్ట్ అని ఒకటి నేర్పిస్తారు, దాన్ని మీ పేజీ మీద తప్పకుండా వేయండి. నేను గళ్ల కాగితం మీద ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు గీసి, మూల నుంచి మూలకు ఏటవాలుగా కరెంటు లైను, స్టార్టర్, మోటారు, బోరు, రైతు అని రాశాను. ఏ భాగం నుంచి ఏ భాగానికి ఏం పోతుందో మిగతా గళ్లలో నింపాలి. కరెంటు లైను నుంచి స్టార్టర్‌కు వోల్టేజీ, స్టార్టర్ నుంచి మోటారుకు సరఫరా, మోటారు నుంచి బోరుకు నీటిని పైకి లాగే బలం. బోరు నుంచి స్టార్టర్‌కు ఏం పోతుంది అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏమీ పోదు. బోరులో నీళ్లున్నాయో లేవో స్టార్టర్‌కు తెలిసే దారే లేదు. అంత సేపు మాట్లాడుకున్న సమస్య ఆ ఖాళీ గడిలో ఉంది. ట్రైనర్ వచ్చి దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి వెళ్లిపోయారు, ఏమీ అనలేదు.

ఆన్‌లైన్ కోర్సయితే

విదేశీ ట్రైనర్ల క్లాసులు ఇంటి నుంచే వినొచ్చు, టైమ్ మాత్రం చూసుకోండి. లండన్‌లో పొద్దున 9 అంటే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకు సాయంత్రం 6:30 లేదా 7:30, క్లాసు అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మరుసటి రోజు ఆఫీసు ఉంటే అది 5 రోజులు నిలబెట్టుకోవడం చాలా కష్టం, ముందే సెలవు గానీ ఓడీ గానీ అడగండి. ఊళ్లో ఉండి వింటే రూటర్‌ను ఇన్వర్టర్‌కు కలపండి, ఇంకో నెట్‌వర్క్ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. ఆ వారంలో ఎల్‌సీ (లైన్ క్లియర్, మరమ్మతు కోసం కరెంటు ఆపడం) తీసుకుంటారేమో లైన్‌మన్‌ను అడిగితే చెప్తాడు. కెమెరా ఆన్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో వేరే పనిలో పడిపోతాం.

తిరిగొచ్చాక

పరీక్ష రాయాలనుకుంటే రెండు నెలల లోపు తేదీ పెట్టేసుకోండి, ఇన్‌కోసీ హ్యాండ్‌బుక్ అయిదో ఎడిషన్ 2023లో వచ్చింది, పాత ఎడిషన్ నోట్సు ఎవరైనా ఇస్తే దాని మీద ఆధారపడొద్దు. ఆఫీసులో మొదటి సోమవారమే ప్రాసెస్‌లన్నీ మార్చేద్దామని మొదలుపెట్టకండి. ప్రమాణంలో 30 ప్రాసెస్‌లు ఉన్నాయి, ఎవరూ వినరు. మీ చేతిలో ఉన్న పనిలో ఒక్క ఇంటర్‌ఫేస్ తీసుకొని, అవతలి విభాగం వాళ్లతో కూర్చొని, ఎవరు ఏం ఇస్తారు, ఏ యూనిట్లలో, ఎప్పుడు అని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నేను అదే చేశాను, ఆ కాగితం ఇప్పటికీ వాడుతున్నారు.

ఖర్చుల క్లెయిమ్ ఆ వారంలోనే పెట్టేయండి. బస్సు టికెట్ల మీద అచ్చు రోజుల్లోనే వెలిసిపోతుంది, బస్సు దిగిన వెంటనే ఫోటో తీసుకోండి.

ఆ ఆదివారం ఊరికి వెళ్లి గళ్ల కాగితం మా నాయన ముందు పెట్టాను. ఎర్ర సున్నా ఉన్న గడి చూపించి, బోరులో నీళ్లు అయిపోయినట్టు స్టార్టర్‌కు తెలియదు నాయనా అన్నాను. "అది నాకెప్పుడో తెలుసు, మోటారు చప్పుడు మారుతది" అన్నాడు. ఎలా మారుతుందో నోటితో చేసి చూపించాడు. అది రైతు గడిలో రాసుకున్నాను.